మింటనుండి రాలిన రాయి



నేటి నా ప్రసంగమునకు విషయము ఒక రాయి. అది ఏ కొండనుండియు దొర్లినది కాదు. ఏ గనిలోనుండియు త్రవ్వి తీసినది కాదు. 2022వ సంవత్సరము ఆగస్టు నెల 17వ తేదీ సాయంకాలమున, ఘూర్జరదేశములో నాటి బనాస్కాంఠా మండలమునకు చేరిన దియోదరు తాలూకాయందు, రాంటిలా, రావేల్ అను రెండు పల్లెలలో ఆకాశమునుండి పడినది. ఆకసమున వెలుగుచార కనబడెను. జెట్టు విమానము పోవునప్పటివంటి పెద్ద చప్పుడు వినబడెను. రాంటిలాలో పడిన రాయి వేపచెట్టునకు తగిలి ముక్కలయ్యెను. రావేల్‌లో పడిన తునక ఒక యింటి వసారాలో పరచిన పలకను పగులగొట్టెను. దొరికిన ముక్కలలో పెద్దదాని తూకము సుమారు 200 గ్రాములు. మన పాతలెక్కలో పదునేడు తులములు.

పదునేడు తులముల రాయికి ఇంత ప్రసంగమెందుకని మీరు అడుగవచ్చును. అహమ్మదాబాదులోని భౌతిక పరిశోధనశాల పండితులు దానిని పరీక్షించి, ఇట్టి జాతి రాయి భారతదేశమున పడుట 170 సంవత్సరముల తరువాత ఇదియే యని తేల్చిరి. అంతకంటె ముఖ్యమైన మాట ఇంకొకటి కలదు. మింటనుండి పడిన రాయి న్యాయస్థానమునకు వచ్చిన సాక్షివంటిది. సూర్యుడును గ్రహములును ఏర్పడిన కాలమునాటి వృత్తాంతము దానియొద్ద నున్నది. కాని నేల తాకిన గడియనుండియు ఆ సాక్షి జ్ఞాపకము కొంచెము కొంచెముగా చెడుచుండును. దానిని మొదట చేతబట్టువాడు పండితుడు కాడు, పల్లెవాడు. కాబట్టి ఈ సంగతి పట్టణములలోని విద్వాంసులకంటె ముందు మీవంటి పెద్దలు తెలిసికొనదగినదని నా తలంపు.

చిన్నతనమున గురువుగారియొద్ద నేను బృహత్సంహిత చదివితిని. అందు వరాహమిహిరాచార్యుడు ఉల్కాలక్షణమునకు ఒక అధ్యాయమే కేటాయించి, ధిష్ణ్య, ఉల్క, అశని, విద్యుత్తు, తార అని ఐదు భేదములు చెప్పెను. స్వర్గమున పుణ్యఫలము అనుభవించి తిరిగి క్రిందికి జారువారి రూపములే ఉల్కలని ఆనాటి భావము. ఫలశ్రుతి మాట యెట్లున్నను, ఆకారమును బట్టియు, చప్పుడును బట్టియు, నడకను బట్టియు వానిని వేరుపరచిన తీరు చూడగా మన పూర్వులు కన్నులు తెరచి ఆకాశమును చూచినవారే యని తెలియుచున్నది. నేడు మనము చేయవలసినది ఆ చూపును కొనసాగించుటయే.

ముందుగా రెండు పొరపాట్లు తొలగించుకొందము. రాత్రివేళ చుక్క రాలినదని మన మనుకొనునది నిజమైన నక్షత్రము కాదు. ఇసుకరేణువంత ధూళికణము సెకనుకు పదుల కిలోమీటర్ల వేగముతో మన వాయుమండలమున దూరి, గాలితో ఒరసికొని వెలిగి, పైననే ఆరిపోవును. అది ఉల్క. ఆ వచ్చిన వస్తువు పెద్దదై, కొంత మిగిలి నేలను చేరినచో దానిని ఉల్కాశిల యందురు. ఇక పల్లెలలో పిడుగురాళ్ళని చూపునవి వేరు. పిడుగు విద్యుచ్ఛక్తియే గాని రాయి కాదు. రచ్చచెట్ల క్రిందను, గుడి అరుగులమీదను పిడుగురాళ్ళని నిలిపినవి చాలచోట్ల పూర్వయుగపు మానవులు నూరి చేసికొన్న రాతిగొడ్డళ్ళు. అవియు విలువైనవే, కాని వాని కథ నేలమీది కథ.

ఆకాశమునుండి రాళ్ళు పడునని పల్లెవారు ఏనాటినుండియో చెప్పుచునేయుండిరి. నమ్మనివారు పండితులే. పదునెనిమిదవ శతాబ్దమున ఐరోపాఖండపు విద్వాంసులలో పెక్కుమంది, ఇది చదువురాని కృషీవలుల భ్రాంతి యని త్రోసివేసిరి. 1794లో ఖ్లాడ్ని అను జర్మను శాస్త్రజ్ఞుడు, ఈ రాళ్ళు భూమికి వెలుపలనుండి వచ్చినవేయని గ్రంథము వ్రాయగా నవ్వినవారు పలువురు. ఆ నవ్వును మాన్పినవానిలో మన దేశపు రాయి యొకటి యుండుట మనకు సంతోషకరము. 1798వ సంవత్సరము డిసెంబరు 19వ తేదీ రాత్రి, కాశీకి సమీపమున క్రాఖూత్ అను గ్రామప్రాంతమున రాళ్ళు పడెను. ఒక కావలివాడు తన గుడిసె కప్పును చీల్చుకొని లోపలి నేలలో దిగబడిన రాయిని మరునాడు తెచ్చి చూపెను. ఆ శిలలు లండను చేరెను. అచట హవర్డు అను రసాయనశాస్త్రజ్ఞుడు క్రాఖూత్ శిలను, ఇంగ్లండు, ఇటలీ, బొహీమియా దేశములలో పడిన శిలలతో కలిపి పరీక్షించి, 1802లో తన ఫలితములు ప్రకటించెను. ఒకదానికొకటి వేల మైళ్ళ దూరమున పడిన ఆ రాళ్ళన్నిటియందును ఇనుపరేణువులున్నవి. ఆ ఇనుములో నికెలు అను లోహము కలసియున్నది. నేలమీది సామాన్యశిలలలో అట్టి కలయిక కానరాదు. నాలుగు దేశములలో నలుగురు సాక్షులు ఒకరినొకరు ఎరుగకయే ఒక్కమాట చెప్పినట్లయ్యెను.

మరుసటి యేట, 1803 ఏప్రిల్ 26వ తేదీన, ఫ్రాన్సు దేశములో లేగ్ల్ అను ఊరిచుట్టును పట్టపగలు రెండు మూడు వేల రాళ్ళు కురిసెను. ప్రభుత్వము బియో అను యువశాస్త్రజ్ఞుని విచారణకు పంపెను. ఆయన పరిశోధనశాలలో కూర్చుండలేదు. ఊరూరు తిరిగెను. రైతులను, గృహిణులను, అర్చకులను వేరువేరుగా ప్రశ్నించెను. ఎచట ఎంత రాయి పడినదో గుర్తించగా అన్నియు కోడిగ్రుడ్డువలె సాగిన ఒక్క వలయములో ఇమిడెను. చదువురానివారి మాటయే నిజమని ఆయన వ్రాసినపిదప ఆ సందేహము తీరిపోయినది. ఈ శాస్త్రమునకు పునాది పల్లెవాని సాక్ష్యమేయని దీనివలన గ్రహింపవలయును.

ఇక దియోదరు శిలయొద్దకు వత్తము. ఇట్టి రాయి చేతికి వచ్చినప్పుడు పండితులు చేయు పరీక్ష ఎట్టిది?

మొదటిది పైపొర పరీక్ష. వాయుమండలమున దూరునపుడు రాతి ఉపరితలము కరగి ఎప్పటికప్పుడు కొట్టుకొనిపోవును. వేగము తగ్గినపిదప చివర కరగినది గడ్డకట్టి మిల్లీమీటరు మందముగల పొరయై నిలుచును. పెక్కు శిలలమీద ఆ పొర నల్లగా పొయ్యిలో కాలిన కుండవలె నుండును. కాని ఇనుము మిక్కిలి తక్కువగా గల శిలలమీద అది పాలిపోయిన రంగున నుండవచ్చును. కాబట్టి నల్లగా లేదని రాయిని పారవేయరాదు. ఆ వేడి లోపలికి చొరదు. కొన్ని సెకనులు వెలిగిన పిమ్మట రాయి చీకటిలో, చల్లని గాలిలో చాలదూరము పడుచు వచ్చును. అందుచేత అది నిప్పుకణికవలె నుండునను మాట అపోహ.

రెండవది లోపలి పరీక్ష. రాతినుండి సన్నని పలుకును కోసి, మిల్లీమీటరులో నూరింట మూడువంతుల మందము వచ్చువరకు అరుగదీయుదురు. అప్పుడు రాయియే గాజువలె వెలుగును సాగనిచ్చును. సూక్ష్మదర్శినిలో చూచినచో ఒక్కొక్క ఖనిజము ఒక్కొక్క రంగున మెరయును. వైద్యుడు నాడి చూచినట్లు, ఆ రంగులను, పగుళ్ళను చూచి రాతి చరిత్రము చదువుదురు.

పడిన ఉల్కాశిలలలో నూటికి తొంబదికి పైగా రాతిజాతివి. తక్కినవి ఇనుపముద్దలును, రాయి ఇనుము కలసినవియును. రాతిజాతిలో మరల రెండు తెగలు. ఒకదానియందు ఆవగింజలవంటి చిన్న గుండ్రని పలుకులు కానవచ్చును. సూర్యకుటుంబము పుట్టిన క్రొత్తలో కరగిన బిందువులు చల్లబడి గట్టిపడినవే ఆ పలుకులు. అట్టి శిలలు సుమారు 456 కోట్ల సంవత్సరములనుండి పెద్దగా మారకయే యున్నవి. రెండవ తెగ రాళ్ళలో ఆ గుండ్లు లేవు. ఏలయన, అవి యే చిన్నగ్రహమునుండి వచ్చినవో ఆ గ్రహము ఒకప్పుడు కరగి, ఇనుము అడుగునకు దిగి, రాయి పైకి తేలినది. వెన్న కాచినప్పుడు గసి అడుగున చేరి నెయ్యి పైకి తేరినట్లన్నమాట. దియోదరు శిల ఈ రెండవ తెగలోనిది.

అందులోను అది ఓబ్రైటు అను అరుదైన జాతి. 1836లో ఫ్రాన్సునందు ఓబ్ర్ అను ఊర పడిన రాతినిబట్టి ఆ పేరు వచ్చెను. దియోదరు శిలలో నూటికి సుమారు తొంబదిపాళ్ళు పైరాక్సీను అను ఖనిజమేయని పరీక్షలో తేలినది. ఓబ్రైటు శిలలలో ఆ ఖనిజమునందు మెగ్నీషియమే గాని ఇనుము దాదాపు లేదు. అందుచే ఆ శిలలు లేతవన్నెగా నుండును. ఇట్టిది ఏర్పడవలెనన్నచో ఆమ్లజని మిక్కిలి కొరవడిన తావు కావలయును. మన భూమిమీద అట్టి తావు లేదు. కావుననే ఇది వేరొక లోకపు వస్తువని రాతిలోని ఖనిజములే చెప్పుచున్నవి.

ఇచట పూర్వకథ యొకటి చెప్పవలసియున్నది. మన దేశమున పడిన మొదటి ఓబ్రైటు శిల 1852వ సంవత్సరము డిసెంబరు 2వ తేదీన ఉత్తరదేశమున బస్తీ ప్రాంతమున పడినది. ఆ రాయి లండనునకు చేరగా, మాస్కెలిన్ అను విద్వాంసుడు అందు భూమిమీద అంతవరకు ఎవ్వరును చూడని ఖనిజము నొకదానిని 1862లో కనుగొనెను. అది సున్నమునందలి ధాతువగు కాల్షియమును గంధకమును కలసినది. భూమిమీద కాల్షియము ఆమ్లజనితో గూడి సున్నమగును; ఆమ్లజని కొరవడిన ఆ లోకములో గంధకముతో కూడినది. ఆనాడు భారత భూగర్భ పరిశోధనశాఖకు అధిపతియైన థామస్ ఓల్డ్‌హాముగారి పేరిట దానికి ఓల్డ్‌హమైటు అని నామకరణము చేసిరి.

ఆ ఖనిజమునకు ఒక దుర్గుణము కలదు. అది నీటికి ఓర్వదు. తేమగాలికే రూపు మారును. నీటిలో ముంచినచో మిగులదు. ఇప్పుడు ఆలోచింపుడు: ఆగస్టు నెల వానకాలము. పడిన రాయిని బురద యని భక్తితోనో శుభ్రతకోసమో కడిగినచో, ఆమ్లజని లేని లోకమునుండి వచ్చిన ఆ చిన్న సాక్షి చెంబెడు నీళ్ళలో కలసిపోవును. కడిగినవానికి తాను పోగొట్టినదేమో తెలియనైన తెలియదు.

మూడవ పరీక్ష కాలగణనము. అంతరిక్షమున విశ్వకిరణములని మిక్కిలి బలమైన కణములు ఎల్లప్పుడును ప్రసరించుచుండును. అవి రాతిలోని పరమాణువులను కొట్టి క్రొత్త పరమాణువులను పుట్టించును. వానిలో కొన్ని అస్థిరములు; తమంతట తాము క్షయించును. రాయి అంతరిక్షమున నున్నంతకాలము ఒకవైపు పుట్టుచు, ఒకవైపు క్షయించుచు నుండును. నేలమీద పడిన వెంటనే మన వాయుమండలము ఆ కిరణములకు అడ్డమగును. పుట్టుట ఆగి క్షయించుట మాత్రము మిగులును. నూనె పోయుట మాని ప్రమిదలను వెలుగనిచ్చినట్లనుకొనుడు. ప్రమిదలు పెక్కు గలవు. సోడియము 24 అనునది పదునైదు గంటలకొకసారి సగమగును. రెండు దినములు గడచునప్పటికి తొమ్మిదింట ఒక వంతు మాత్రము నిలుచును. మాంగనీసు 54 సగమగుటకు 312 దినములు పట్టును. సోడియము 22కు రెండున్నర సంవత్సరములకు పైచిలుకు. అల్యూమినియము 26కు సుమారు ఏడు లక్షల సంవత్సరములు. ఏ ప్రమిదలో ఎంత వెలుగు మిగిలినదో కొలుచుటకు పరిశోధనశాలలలో దళసరి సీసపుగోడల నడుమ రాతినుంచి, అందుండి వెలువడు కిరణములను దినములతరబడి లెక్కింతురు. దీనివలన రాయి నిజముగా నిన్నమొన్న పడినదా, అంతరిక్షమున ఎంత పెద్ద బండలో ఎంత లోతున నుండెను అను సంగతులు బయటపడును. పదునైదు గంటల ప్రమిద ఆరకముందే రాయి అచటికి చేరవలెనన్నచో, ఊరివారు ఎంత త్వరపడవలయునో మీరే గ్రహింపుడు.

క్షయింపక నిలిచిపోవు వాయువులును కొన్ని కలవు. నియాను అట్టిది. దానిని కొలిచి, ఆ రాయి పెద్దబండనుండి విడివడి ఎంతకాలము ఒంటరిగా తిరిగినదో చెప్పగలరు. 1948లో అమెరికాలోని కాన్సాసు సీమలో పడిన నార్టను కౌంటీ అను ఓబ్రైటు శిల పదికోట్ల సంవత్సరములకు పైగా అట్లు సంచరించినదని లెక్క తేలినది. రాతిజాతి శిలలలో ఇంతటి దీర్ఘయాత్ర అరుదు.

త్వరపడి భద్రపరచినచో కలుగు లాభమునకు పరదేశపు ఉదాహరణ మొకటి చెప్పెదను. 2021 ఫిబ్రవరి 28వ తేదీ రాత్రి ఇంగ్లండునందు వించ్‌కూంబ్ అను చిన్న ఊరిలో ఒక యింటిముంగిట బొగ్గువంటి నల్లనిరాయి పడి పొడియయ్యెను. ఇంటివారు తెల్లవారగానే దానిని చూచి, ఒట్టిచేతులతో ముట్టక ఏరి సంచులలో నుంచి, విద్వాంసులకు అప్పగించిరి. పండ్రెండు గంటలలోనే మొదటి ముక్కలు భద్రమయ్యెను. ఆ రాతి ఖనిజములలో నూటికి సుమారు పదునొకండు పాళ్ళు నీరు బంధింపబడియుండెను. ఆ నీటిలోని ఉదజని భేదముల పాళ్ళు మన సముద్రజలములోని పాళ్ళకు సరిపోలెను. భూమిమీది నీటిలో కొంత ఇట్టి రాళ్ళే మోసికొని వచ్చెనను వాదమునకు దానివలన బలము చేకూరెను. ఒక్క వాన కురిసియున్నచో భూమినీరు రాతినీరు కలసిపోయి ఆ సాక్ష్యము మలినమై యుండెడిది.

మన తెలుగుసీమయు ఈ వర్షమునకు వెలి కాదు. బస్తీ శిల పడిన 1852వ సంవత్సరముననే నెల్లూరు మండలములో ఒక శిల పడెను; 1870లో విశాఖపట్టణ మండలమున ఇనుపముద్ద యొకటి పడెను. కావున రేపు మీ ఊరి పొలములో పడుట అసంభవము కాదు. అట్లయినచో ఏమి చేయవలయును?

వెలుగు చూచినవెంటనే గడియారము చూచుకొనుడు. ఏ దిక్కునుండి ఏ దిక్కునకు పోయెనో చెట్టుగుర్తో గోపురపు గుర్తో పెట్టుకొనుడు. వెలుగు కనబడిన ఎన్ని సెకనులకు చప్పుడు వినబడెనో లెక్కింపుడు; శబ్దము కిలోమీటరు నడచుటకు సుమారు మూడు సెకనులు పట్టును గాన, 90 సెకనులైనచో ముప్పది కిలోమీటర్ల దూరమున పగిలినదని అర్థము. రాయి కానబడినచో కదలింపకముందు, గుంటతో సహా ఛాయాచిత్రము తీయింపుడు. నేడు ఏ బాలుని చేతిలోని ఫోనైనను ఆ పని చేయును. పిమ్మట చేతికి శుభ్రమైన తొడుగు వేసికొని, లేదా క్రొత్త అల్యూమినియపు రేకుతో పట్టి, ఆ రేకులోనే చుట్టి, పొడిగా నుంచుడు. కడుగరాదు. నూరరాదు. సుత్తితో పగులగొట్టి పంచుకొనరాదు. అయస్కాంతము పెట్టి చూడరాదు. ఏలయన, రాయి పుట్టిననాటి సన్నని అయస్కాంతశక్తి అందు దాగియుండవచ్చును, మీ అయస్కాంతము దానిని తుడిచివేయును. వెంటనే తహసీలుదారునకు తెలిపి, ఆయన ద్వారా భారత భూగర్భ పరిశోధనశాఖకు వర్తమానము పంపుడు. 1851లో ఏర్పడిన ఆ శాఖయే మన దేశమున పడిన ఉల్కాశిలలను కలకత్తాలో భద్రపరచుచున్నది.

ఇక మీలో కొందరి మనస్సున మెదలు ప్రశ్న నేనెరుగుదును. ఆకాశమునుండి దిగివచ్చినదానికి పసుపుకుంకుమలు పెట్టి, పాలతో అభిషేకించి, కొబ్బరికాయ కొట్టుట తప్పా? సంధ్యావందనము విడువని నేను భక్తిని తప్పనజాలను. కాని పూజ దేనికి? ఆ వస్తువు మహత్త్వమును గుర్తించుటకు గదా. పసుపులో, పాలలో, నూనెలో ఉన్న ద్రవ్యములు రాతిలోనికి ఇంకినచో, ఏది ఆకాశపుది, ఏది మన వంటింటిది అని వేరుచేయుట పండితులకు సాధ్యము కాదు. సాక్షిని గౌరవించుచున్నామని నోటిలో గుడ్డ క్రుక్కినట్లగును. నమస్కరింపుడు, ముట్టకుడు. చేతులు జోడించుటవలన ఏ రాయియు చెడదు.

బడిలో పాఠము చెప్పు దినములలో, చుక్కలు రాలిపోయి ఆకాశము ఖాళీయగునా అని పిల్లలు నన్నడిగెడివారు. కాదు నాయనా, రాలునది చుక్క కాదని చెప్పి ఊరకుండెడివాడను. నేడు ఆ ప్రశ్నకు ఇంకొక మాట చేర్చి చెప్పుదును: రాలినది చుక్క కాకపోయినను, చుక్కలు పుట్టు విధమును ఎరిగినది. అది మాటలాడునో మూగపోవునో నిర్ణయించునది మొదటి దినమున దానిని చేతబట్టినవాడు. క్రాఖూత్ కావలివాని పేరు ఎవ్వరును వ్రాసి యుంచలేదు. అయినను అతడు మరునాడే రాయి తెచ్చి చూపుటచేత లోకపు పండితుల సంశయము తీరుటకు తోడ్పడినవాడయ్యెను. అట్టి భాగ్యము మీ ఊరికి కలిగిననాడు దానిని నీళ్ళపాలు చేయక నిలుపుదురని నమ్ముచు సెలవు తీసికొనుచున్నాను.

స్వస్తి.